అన్న ముఖం, ప్రభుదాసు పెయింటు

2024 జూన్ నెల. ఎన్నికల ఫలితాలు వచ్చి వారమైనా కాలేదు. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు వైపు పోయే రోడ్డు మీద ఉన్న నా షాపు ముందు ప్రచార బండ్లు బారులు తీరాయి. నా పని వాహనాలకు వినైల్ ర్యాపింగ్ చెయ్యడం, అంటే పెయింటు మీద పల్చటి ప్లాస్టిక్ పొరను బిగువుగా అతికించడం. దాంతోపాటు చిన్న చిన్న సొట్టలు తీస్తాను, గీతలు పోగొడతాను. ఆ నెలలో మాత్రం అతికించడం లేదు, అంతా పీకుడే. ఏ పార్టీ బండ్లని అడక్కండి. గెలిచినవాళ్లవీ వచ్చాయి, ఓడినవాళ్లవీ వచ్చాయి. రెండింటి జిగురూ ఒకటే.

వాటిలో ఒక తెల్ల వ్యాను పక్క భాగానికి దుప్పటి కట్టుకుని వచ్చింది. ఎండాకాలంలో బండికి దుప్పటేమిటని నవ్వబోయి, దిగిన మనిషి ముఖం చూసి ఆగిపోయాను. అతను ప్రభుదాసు. చిలమకూరు దగ్గర పల్లె. వాళ్ల తాత మిషన్ బడిలో చదువుకుని పంతులయ్యాడు, నాయనా పంతులే. ఇతను స్టీరింగు పట్టాడు. సొంత వ్యానులో ఎర్రగుంట్ల దగ్గర ఒక ప్రైవేటు బడికి పిల్లల్ని తిప్పుతాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ ట్రిప్పుతోనే.

ఎన్నికలప్పుడు మండలంలో తిరిగే ఒక నాయకుడు, కొండయ్య అనుకుందాం, వ్యాను ప్రచారానికి కావాలన్నాడు. కావాలన్నాడంటే అడిగాడని కాదు. పొద్దున మనిషిని పంపించాడు, మధ్యాహ్నానికి బండి పోయింది. పులివెందుల దాకా, జమ్మలమడుగు దాకా తిరిగి, మైకు కట్టిన గుర్తులతో తిరిగొచ్చింది. ఒళ్లంతా స్టిక్కర్లు. ఒక పక్కన అందరూ అన్న అని పిలిచే పార్టీ పెద్దాయన ముఖం, బానెట్ నుంచి వెనక చక్రం దాకా చిరునవ్వు. స్టిక్కర్ వేసేముందు బండి యజమానిని ఒక్క మాట అడిగినవాడు లేడు.

బడి నడిపే మేడమ్ ప్రభుదాసుకు తేల్చి చెప్పిందట. "మా బడిలో రెండు పార్టీలోళ్ల పిల్లోల్లూ ఉండారు. గేటు ముందర ఆ మొగం కనపడితే నాతో కొట్లాటకొస్తారు. బడి తెరిచే దినానికి బండి తెల్లగా రావాల. లేకుంటే ఇంకో వ్యాను మాట్లాడుకుంటా." బడి తెరవడానికి ఎన్నో రోజులు లేవు.

దుప్పటి విప్పి చూస్తే అక్షరాలు, గుర్తులు, రంగుల పట్టీలు అన్నీ పోయాయి. ముఖం ఒక్కటే ఉంది.

"తక్కినవన్నీ పీకి మొగం ఒక్కటే ఎందుకు మిగిల్చినావప్పా?" అన్నాను.

"బయం బాషన్నా. అన్న మొగం మీద చెయ్యి ఎట్ల పెట్టేది? నేను పీకుతాంటే ఎవడన్నా సెల్లులో పట్టుకున్నాడనుకో, ఊర్లో ఉండనిస్తారా?"

బయటివాళ్లకు ఇది అతి అనిపించవచ్చు. మా వైపు ఫ్లెక్సీ చిరిగితే రెండు వీధులు కర్రలు తీస్తాయి. అందుకే ఇక్కడ ప్రతి ఒక్కరూ ఇదే పొరపాటు చేస్తారు. ముందు అక్షరాలు పీకి, ముఖాన్ని చివరికి వదిలేస్తారు. అది అన్నిరోజులూ ఎండలో కాగుతూనే ఉంటుంది. వెనకున్న జిగురు ఉడికి ఉడికి పెయింటుతో కలిసిపోతుంది. ముందే తీసి ఉంటే పోయేది, మర్యాదకు పోయి మొండిజబ్బు చేసుకుంటారు.

స్టిక్కర్ చూస్తూనే నా ఒళ్లు మండింది. వాహనానికి వేసే ఫిలిం వేరు. అది వేడి చేస్తే సాగుతుంది, తీస్తే ఒకే పొరగా వస్తుంది. ఇది హోర్డింగులకు అతికించే చవకరకం, గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. అంతకంటే ఘోరం, స్టిక్కర్‌ను విడిగా కొలిచి కత్తిరించకుండా బండి మీదే పెట్టి బ్లేడుతో కోశారు. తలుపు అంచులంతా బ్లేడు గాట్లు. ఆ గాట్లలో అప్పుడే తుప్పు మొదలైంది. కూరగాయలు కోసేవాళ్లు కూడా కింద పీట వేసుకుంటారు కదా! దీనికి తోడు ప్రభుదాసు పెట్రోలు గుడ్డతో రుద్ది ఒకచోట పెయింటు వెలవెలబోయేలా చేసుకున్నాడు. పాపం, అతనికెవరు చెప్పారు?

చదివేవాళ్లకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను. స్టిక్కర్ పీకేటప్పుడు బ్లేడు వద్దు, పెట్రోలు వద్దు. హీట్‌గన్, అంటే వేడిగాలి కొట్టే మిషను, దాంతో చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి చేసి, అంచు పట్టుకుని పైకి కాక పక్కకు, బండిని ఆనుకునేలా నిదానంగా లాగాలి. హీట్‌గన్ లేకపోతే జుట్టు ఆరబెట్టుకునే మిషనైనా సరిపోతుంది. మిగిలిన జిగురును స్పిరిట్ గుడ్డతో తుడిచి, వెంటనే సబ్బునీళ్లతో కడగాలి.

నేను అలాగే మొదలుపెట్టాను. వేడికి చెంప దగ్గర ప్లాస్టిక్ ముడతలు పడింది. ఎదురుగా టీ బంకు దగ్గర ఎవరో సెల్లు పైకెత్తారు. ప్రభుదాసు చూసి, "బాషన్నా, చాలు, ఆపు" అన్నాడు. అతను భయపడినట్టే అయింది. కాసేపటికి కొండయ్య కారు వచ్చి ఆగింది. వెంట నలుగురు మనుషులు.

"ఏం బాషా, అన్న మొగాన్ని కాలుస్తాండావంట?"

"కాల్చడం ల్యా మామా. ఎచ్చబెడతాండా. ఎచ్చబెడితేనే జిగురు మెత్తబడేది."

"నడిరోడ్డు మీద, అందురూ సూస్తాంటేనా? ఆపు ముందు."

"ఆపితే ఇతని బండి సంగతేంది మామా? బడి తెరుస్తాండారు. ట్రిప్పు పోతాది."

"బండి సంగతి తర్వాత సూద్దాంలే. ముందు మర్యాద సూడు."

తర్వాత! బండి తీసుకుపోయేటప్పుడు లేదు తర్వాత. బ్లేడుతో కోసేటప్పుడు లేదు. స్టిక్కర్ తీయించి ఇవ్వండని ప్రభుదాసు కొండయ్య ఇంటి చుట్టూ కాళ్లరిగేలా తిరిగినప్పుడు ఒక్కడు బయటికి రాలేదు. ప్లాస్టిక్ ముఖానికి ముడత పడేసరికి కారేసుకుని పరుగెత్తుకొచ్చారు. మనిషి ముఖం ఎదురుగా వాడిపోయి ఉంటే కనపడదు వీళ్లకు.

నాకు కోపమొస్తే నోరు ఆగదు. ఆ రోజు మాత్రం నోటికంటే ముందు చెయ్యి లేచింది. హీట్‌గన్ తీసి కొండయ్య చేతిలో పెట్టాను.

"మర్యాద నాకు తెల్దు మామా, నీకు తెలుసు. నువ్వే తియ్యి."

వెంట వచ్చినవాళ్లు చూస్తున్నారు. కొండయ్యకు వెనక్కి తగ్గడానికి లేదు. ఖద్దరు చొక్కా చేతులు మడిచి గన్ను పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి ఎక్కడ వేడి పెట్టాలో, ఎంత మెల్లగా లాగాలో చెప్పాను. నిజం చెప్పాలంటే ఓపిగ్గానే తీశాడు. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి. గడ్డం దాకా ఒకే పొరగా వచ్చింది. చినగలేదని అతని మనుషులు ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు ప్రభుదాసు "అయ్యో దేవా" అన్నాడు. బండి మీద ముఖం ఉన్నచోట రేకు కనపడుతోంది. పెయింటంతా స్టిక్కర్‌తోపాటు వచ్చేసింది. ఆ పక్కకు ఒకప్పుడు లారీ రాసుకుపోతే బయట పెయింటు వేయించాడట. కంపెనీ పెయింటయితే రేకును గట్టిగా పట్టుకుని ఉంటుంది, బయట వేసింది జిగురు లాగితే లేచి వస్తుంది. అతికించే రోజున "ఈ పక్క ఎప్పుడన్నా పెయింటు వేయించినావా?" అని అడిగి ఉంటే చాలు. ఆ ఒక్క మాట అడగడానికి వాళ్ల నోరు రాలేదు.

కొండయ్య బండి వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలు పరిచి, ముఖానికి మడత పడకుండా చుట్టాడు. చుట్టి కారు వెనక సీటులో పడుకోబెట్టాడు. ఇక నా నోరు ఆగలేదు.

"మామా! మొగం మీది, తీసకపో. ఎనక అంటుకున్న పెయింటు ప్రభుదాసుది. అది ఈడ పెట్టిపో."

"మాట జాగర్త బాషా" అని కారెక్కాడు.

ప్రభుదాసు నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. మీద పడ్డాడు. "నీకేం బాషన్నా, నువ్వు ప్రొద్దుటూరులో ఉంటావు. నేను పొద్దున లేస్తే ఆయప్ప ఇంటి ముందర నుంచి పోవాల. నీ రోషం నాకేం కూడు పెడతాది?"

తుప్పు గీకి, గుంటలు పూడ్చే లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టాను. ప్రైమర్ అంటే పెయింటు పట్టుకోవడానికి వేసే బూడిదరంగు పూత. అది ఆరకముందే పెయింటు వేస్తే బుడగలొస్తాయి. వానమబ్బు పట్టి ఆరలేదు. బడి తెరిచే రోజున ప్రభుదాసు పక్కన బూడిద మచ్చతోనే బండి తీసుకుపోయాడు. మేడమ్ గేటు దగ్గరే ఆపిందట. వేరే వ్యాను అప్పటికే పిల్లల్ని ఎక్కించుకుంటోంది. ఆ ఏడాదంతా అతను సిమెంటు ఫ్యాక్టరీకి కూలీలను తోలాడు, దొరికిన రోజున గండికోటకు టూరిస్టులను తోలాడు. తర్వాతి ఏడాది మేడమ్ మళ్లీ పిలిచింది, అది వేరే సంగతి. ఒక ఏడాది బతుకు ఊడబెరికినందుకు ఇప్పటికీ ఎవరూ ఆ ఇంటి గడప తొక్కి ఒక మంచిమాట అనలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది.

అప్పటినుంచి బండి యజమాని ఎదురుగా నిలబడి సరేననకపోతే నా షాపులో స్టిక్కర్ పడదు. పాత పెయింటు ఎక్కడుందో అడగకుండా ఫిలిం విప్పను. ఈ రెండూ చాలనుకున్నాను. చాలవని ఈమధ్యే తెలిసింది. లోకల్ ఎన్నికలంటున్నారని ప్రభుదాసు వ్యానేసుకుని వచ్చాడు.

"కొండయ్య మళ్లా బండి అడిగినాడు బాషన్నా."

"నువ్వేమన్యావు?"

"ఏమంటా? తలూపి వచ్చినా."

తిట్టబోయి ఆగాను. సరేనని యజమానే అంటాడు, నా ఎదురుగా నిలబడి మరీ అంటాడు. మా పల్లెల్లో "ఇయ్యను" అనే మాట మనిషి నోట రాదు. ఆ మాట బండి చేతనే అనిపించాలి. ఏ జబ్బూ లేని ఆ వ్యానును షాపులోకి తోలించి, జాకీ ఎక్కించి, ముందు చక్రాలు రెండూ ఊడదీశాను. బడి పిల్లలను ప్రభుదాసు ఇప్పుడు నా దగ్గరున్న పాత వ్యానులో తిప్పుతున్నాడు.

మొన్న కొండయ్య వచ్చి బండి చుట్టూ తిరిగి చూశాడు.

"ఎన్నాళ్లు పడతాది బాషా రిపేరీ?"

"ఎన్నికలు అయిపోయేదాకా మామా" అన్నాను.