చన్నీళ్లకు పనికొచ్చే రెగ్యులేటర్

నేనూ, వికారాబాద్‌లో ఉండే నా స్నేహితుడూ గోవాలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాం. అక్కడ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. పోయిన ఏడు హిమాలయాల్లో ఒక సరస్సులో దిగబోయినప్పుడు కూడా అవే రెగ్యులేటర్లు పట్టుకుపోయాం. సిలిండర్‌లోని గాలి ఒత్తిడి తగ్గించి నోటికి అందించేది రెగ్యులేటరే.

దిగిన కాసేపటికే అతని నోటి దగ్గర గాలి ధారగా తన్నుకొచ్చింది. ఎంతకీ ఆగలేదు. నా రెగ్యులేటర్‌కున్న అదనపు గొట్టం అతనికిచ్చి, చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పైకి తెచ్చాను. అతని రెగ్యులేటర్ మీద మంచు పేరుకుని ఉంది.

ఈ ఏడు మళ్లీ పోదామని నేనే అన్నాను. అతను తాండూరులో మా ఇంటికి వచ్చాడు. ఇద్దరం ఫోన్‌లో రకరకాల రెగ్యులేటర్లు చూస్తూ కూర్చున్నాం. సిలిండర్ నుంచి ఒక్కసారిగా వచ్చే గాలి బాగా చల్లబడుతుంది. నీళ్లూ చల్లగా ఉంటే లోపలి వాల్వు గడ్డకట్టి, తెరుచుకునే ఉండిపోతుంది. అందుకే ఆ వాల్వును నడిపే స్ప్రింగు దాకా నీళ్లు చేరకుండా మూసేసిన రకం వెతికాం.

చాయ్ తెచ్చిన నా భార్య అడిగింది. “గాలి ఎక్కువొస్తే మంచిదే గద అన్నా?”

“లేదు చెల్లె, సిలిండర్ జల్ది ఖాళీ అయితది” అన్నాడతను.

“రెండు తెప్పిద్దామా?” అన్నాను.

“నీకొక్కటి తెప్పిచ్చుకో. నేనైతే రాను.”

“భయమైతున్నదా?”

“అయితున్నది. పొద్దుగాల చన్నీళ్లు పోస్కుంటె గుడ ఊపిరి ఆగినట్లైతది. నువ్వు పో, గని ఒక్కనివే దిగకు.”

నేను బలవంతపెట్టలేదు. కొత్తది వచ్చాక, నీళ్లు నిండిన ఒక పాత నాపరాతి గనిలో, యజమానిని అడిగి దిగి చూశాను. నా స్నేహితుడు గట్టు మీద, నాకు కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు. గాలి బాగానే వచ్చింది. కానీ తాండూరు నీళ్లలో ఏ రెగ్యులేటరూ గడ్డకట్టదు. ఆ పరీక్షతో తేలిందేమీ లేదు.

తర్వాత హిమాలయాల్లో ఆ సరస్సులోనే, అక్కడి డైవర్ ఒకరితో కలిసి దిగాను. రెగ్యులేటర్ ఇబ్బంది పెట్టలేదు. అడుగున రాళ్లు, బురద తప్ప చూడటానికి పెద్దగా ఏమీ లేదు. పైకొచ్చి నా స్నేహితుడికి ఫోన్ చేశాను.

“చేతులకు సోయి ఉన్నదా?” అన్నాడు.

“లేదు, మొద్దుబారినయి.”

“చాయ్ తాగు జర” అని పెట్టేశాడు.