సోఫాలో కుడిపక్క సీటు

మా ఆయనకి ఫిట్స్ వచ్చింది ఒక్కసారే, అదీ వంటింట్లో, కాఫీ గ్లాసు చేతిలో ఉండగా. డాక్టరు లైసెన్సు ఆఫీసుకి ఫారం పంపగానే డ్రైవింగ్ లైసెన్స్ ఆగిపోయింది. మళ్లీ ఫిట్స్ రాకుండా కొన్ని నెలలు గడిస్తేనే తిరిగి ఇస్తారట. మేముంటున్న ఈ పరాయి దేశపు ఊరు మిల్టన్‌లో కారు నడపని మనిషికి కాళ్లు లేనట్టే. రోజూ నేనే రైలు స్టేషన్లో దింపేదాన్ని. పక్క సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని, కొత్తగా బడికి వెళ్లే పిల్లాడిలా కూర్చునేవారు. నేను చూడలేకపోయేదాన్ని.

అంతకుముందు ఏళ్ల తరబడి ఆయన నడపడం, నేను ప్రార్థన చెయ్యడం. పాల ప్యాకెట్టుకి వెళ్లినా సరే, నేను ఆమెన్ అననిదే బండి కదిలేది కాదు. ఫిట్స్ వచ్చాక ఆ ప్రార్థన మానేశాను. ఇంత పని చేసిన దేవుడితో నాకేం మాటలు? అలిగాను, అంతే.

ఒకరోజు ఆయన కార్ల రేసు వీడియో గేమ్ తెచ్చి టీవీకి తగిలించారు. స్టీరింగు, పెడల్స్ కూడా వచ్చాయి. డాక్టరుని అడిగే తెచ్చారట. "నిజం కారులానే ఉంటుందే, చూడు" అన్నారు. ఉంది కూడా. గతుకు రోడ్డు వస్తే స్టీరింగు వణికేది. వణుకుతున్నది ఆయన చేతులేమోనని దగ్గరికొచ్చి చూసేదాన్ని. ఆయనకి మాత్రం తృప్తి లేదు. సెట్టింగుల్లోకి వెళ్లి స్టీరింగు బరువు పెంచుతారు, తగ్గిస్తారు. "ఏదో తక్కువైంది. ఫీల్ రావట్లేదు."

"ఇంకెంత ఫీల్ రావాలండీ? పెట్రోలు కంపు కూడా కొట్టాలా?" అని కసిరాను.

ఒక శనివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ సోఫాలో ఆయన కుడిపక్కన కూర్చున్నాను, ఇక్కడి కార్లలో డ్రైవరుది ఎడమ సీటు, నాది కుడి సీటు. మలుపు దగ్గర స్పీడు తగ్గించలేదు. నా కుడికాలు బ్రేకు అనుకుని కార్పెట్‌ని గట్టిగా తొక్కేసింది. "నెమ్మదండీ బాబూ! చంపేస్తారా ఏంటి?" చిక్కుడు గింజలన్నీ నేలపాలు.

ఆయన ఆట ఆపి, నావైపు చూసి నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! "ఇదేనే తక్కువైంది" అన్నారు. రేసు మళ్లీ మొదట్నుంచి పెట్టి, స్టీరింగు మీద చేతులుంచి, తల వంచి కళ్లు మూసుకున్నారు.

"ఆటకి ప్రార్థనా? చోద్యం కాకపోతే!"

"బండి బండే. ఊఁ, కానీ."

తెరమీద పచ్చలైటు వెలిగింది. కార్లన్నీ రయ్యిమని దూసుకుపోయాయి. ఈయన కళ్లు తెరవరే!

"అయ్యో, అందరూ వెళ్లిపోయారండీ!"

"పోనీ."

కోపం, నవ్వు, ఏడుపు మూడూ ఒక్కసారే వచ్చాయి నాకు. "ప్రభువా, మా ప్రయాణంలో తోడుండు, ఆమెన్" అని గబగబా అనేశాను. నా అలక అలా తీరింది. ఆ తర్వాత ప్రతి రేసులోనూ మాది ఆఖరి స్థానమే.

లైసెన్స్ తిరిగొచ్చిన రోజు ఇంటి ముందు కారు స్టార్ట్ చేసి, ఆయన తల వంచారు. "ప్రభువా" అన్నాను. ఆ పైన మాట పెగల్లేదు. మళ్లీ ఆయన పక్కన, నా సీట్లో కూర్చున్నానన్న సంతోషంలో కళ్లు తుడుచుకుంటూ ఉండిపోయాను. ఇంజను అలా నడుస్తూనే ఉంది. ఆయన కళ్లు తెరవకుండానే స్టీరింగు మీంచి చెయ్యి తీసి నా చేతిమీద వేశారు.

"తీరిగ్గా చెయ్యవే. నేనెక్కడికీ పోను."