నెత్తుటి బొట్టులో గొర్రె

ఆ రోజుల్లో నేను ఇంకా చిన్నవాణ్నే. అరవై దాటి ఎంతో కాలం కాలేదు. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. కానీ సూరత్‌లో సాంచాల షెడ్డులో (మరమగ్గాలను మా కరీంనగర్ వైపు వాళ్లం సాంచాలనే అంటాం) బతుకంతా గడిపినవాడికి, చెవుల్లో ఆ టకటకలు ఆగిపోయిన మర్నాడు మళ్లీ పుట్టినట్టే ఉంటుంది. మా వాళ్లంతా రిటైరైతే ఊరికి పోతారు, లేదంటే కాలనీ గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకు వంకలు పెడతారు. నేను మాత్రం సైన్సులోకి దిగాను. ఒక పెద్ద పరిశోధనశాల వాళ్లు నన్ను సలహాదారుగా పిలిపించుకున్నారు. (సరే, సలహాదారు అనేది కాస్త ఎక్కువైంది. ఐస్ డబ్బా మోసేవాణ్ని. పిలిపించుకున్నారనేది కూడా ఎక్కువే. మా మేనకోడలు బతిమాలి పెట్టించింది.) సైన్సు లెక్కలో నేను పాలుగారే పసివాణ్ని కాబట్టి, పసివాడు చేసే పనే చేశాను.

ఆ మేనకోడలు మా అక్క కూతురు. సూరత్‌లోనే పుట్టి పెరిగింది. నాతో తెలుగు, స్నేహితులతో హిందీ, కూరగాయల బండి దగ్గర గుజరాతీ, కోపం వస్తే మూడూ కలిపి మాట్లాడుతుంది. వాళ్ల నాయిన, అంటే మా బావ, నా పక్క సాంచాల మీద పనిచేసేవాడు. ఆయనకు దగ్గు పట్టుకున్నప్పుడు మేమెవరమూ పట్టించుకోలేదు. షెడ్డులో దగ్గనివాడెవడు? దుమ్ము అనుకున్నాం, బీడీ అనుకున్నాం, అల్లం తినమన్నాం. టీబీ అని తెలిసేసరికి ఊపిరితిత్తి ఒకటి సగం పాడైంది. మందులతో బతికి బయటపడ్డాడు కానీ, ఇప్పటికీ మెట్లెక్కితే అంతస్తుకోసారి ఆగి గోడను పలకరిస్తాడు. అప్పుడు స్కూల్లో చదివే ఆ పిల్ల, పెద్దయ్యాక ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని పరిశోధనకు కూర్చుంది: దగ్గు రాకముందే నెత్తురులో ఏదైనా మారుతుందా? మారితే పట్టుకోగలమా?

పట్టుకోవడానికి వాళ్ల దగ్గర ఒక మిషన్ ఉంది. దానిపేరు మాస్ స్పెక్ట్రోమీటర్. నోరు తిరగక నేను తక్కెడ అనేవాణ్ని, అది మరీ తప్పు కాదని మేనకోడలే ఒప్పుకుంది. "మామా, ఒక చీరను సన్న సన్న ముక్కలు కోసిండ్రనుకో. ఒక్కొక్క ముక్క తూకం చూసి, ఇది కొంగు ముక్క, ఇది అంచు ముక్క, ఇది ఫలానా చీరది అని చెప్తే ఎట్లుంటది? నెత్తురుల ఉన్న ప్రొటీన్లను ఈ మిషన్ గట్లనే గుర్తు పడ్తది" అంది. పాత మిషన్లకు నెత్తురు ఎక్కువ కావాలి, రోజంతా పడుతుంది. కొత్తగా వచ్చినవి అట్లా కాదట. సూదిమొనకు అంటుకున్నంత చాలు, వేల రకాల ప్రొటీన్లు చెప్పేస్తాయట. ఒక్క కణాన్ని విడదీసి, దాంట్లో ఏముందో చూసేవి కూడా వచ్చాయట. అట్లాంటి కొత్త మిషన్ ఒకటి మా పరిశోధనశాలకు వచ్చింది. దాని ముందు అందరూ క్యూ కట్టారు. మా పిల్ల వంతు కూడా వచ్చింది.

ఇక నెత్తురు కావాలి. మేం ఉండే కోసాడ్ కాలనీలో మా సాంచాల వాళ్లను ఒప్పించే పని నా మీద పడింది. వాళ్లలో ముందు నిలబడి ప్రశ్నలు వేసేవాణ్ని మేం డబుల్ పాళీ అంటాం, పాళీ (అంటే షిఫ్టు) మీద పాళీ పనిచేసి కూడా అలసిపోనివాడు కాబట్టి.

"ఏందన్నా, మా నెత్తురు దీసుకొని ఏం జేస్తరు? అమ్ముకుంటరా?"

"అమ్ముడేందిరా! బొట్టు పోస్తే నీ ఏడు తరాల రోగాలు బయటపడ్తయి. మీ తాతకు పంటినొప్పి ఉండెనా లేదా అది గూడ చెప్తది."

"మా తాతకు పళ్లే లేకుండె గదనే!"

"అది గూడ చెప్తది!"

మేనకోడలు నా చెయ్యి గిల్లి, నన్ను పక్కకు నెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇది ఇంకా పరిశోధనేననీ, ఏం దొరుకుతుందో తనకూ తెలియదనీ, ఇష్టం లేనివాళ్లు ఇవ్వనక్కర్లేదనీ. ఆశ్చర్యం, ఆమె మాటకే చేతులు చాచారు. పొద్దటి పాళీ వదులుకుని మరీ నిలబడ్డారు. వాళ్లలో టీబీ మందులు వాడుతున్నవాళ్లున్నారు, ఏ జబ్బూ లేనివాళ్లున్నారు. "మళ్లా మళ్లా అడుగకు బిడ్డా, ఇంకోపాలి పాళీ వదులుకునుడు వశపడదు" అని మాత్రం ముందే చెప్పారు. ఆ ట్యూబులను ఐస్ డబ్బాలో పెట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చింది నేనే. (ఈ మాటలో కల్పన లేదు. ఒళ్లు గడ్డకట్టింది.)

ఇప్పుడు అసలు కథ. ఆ మిషన్ మహారాజుకు ఉక్క పడదు. దాని గదీ, పక్కన నెత్తుటి తేటను సిద్ధం చేసే చిన్న గదీ ఎప్పుడూ చల్లగా ఉండాలి. షెడ్డు వేడిలో ఉడికిన శరీరం నాది, సూరత్‌లో చలికాలమంటే ఒక పుకారు అనుకునేవాణ్ని. రెండో రోజుకే పళ్లు సాంచాల్లా కొట్టుకున్నాయి. దాంతో ఇంట్లో పెట్టె అడుగున ఉన్న నల్ల గొంగడి తీశాను. మా ఊరి కురుమల దగ్గర కొన్నది, అసలైన నల్లగొర్రె ఉన్నిది. అది కప్పుకుని మిషన్ పక్కన కూర్చుంటే, తెల్ల కోట్ల మధ్య నేనొక్కణ్నే పెద్దమనిషిలా ఉన్నానని నా నమ్మకం.

గొంగడిని దులపకుండా కప్పుకోవడం మా వైపు బుద్ధిమంతుల లక్షణం కాదు. లోపల తేలు ఉండొచ్చు. మా అమ్మ నేర్పిన మొదటి పాఠం అదే. పొద్దున్నే వచ్చి ఐస్ నింపుతూ, ఎవరూ లేనప్పుడు ఆ చిన్న గదిలో నిలబడి, రెండు చేతులా పట్టుకుని ఫటఫటా దులిపేవాణ్ని. వరండాలో దులిపితే పెద్ద సార్ చూస్తాడని సిగ్గు. ఎయిర్ కండిషన్ గదిలోకి తేలు ఎక్కడినుంచి వస్తుందని మీరడిగితే, ఆ మాట తేలునే అడగాలి. తేలు మాత్రం ఒక్కటీ దొరకలేదు, అంటే దులపడం పనిచేసిందన్నమాట.

మేనకోడలు ఆ గదిలోనే కష్టపడి ట్యూబులు సిద్ధం చేసింది. మిషన్ తిరిగింది. తెర మీద గీతలు లేచాయి. ఆమె చూసింది, మళ్లీ చూసింది, ముఖం తెల్లబోయింది. పెద్ద సార్ వచ్చాడు. ఆయన సూరతీ మనిషి, మంచివాడే, ఉల్లిపాయ కూడా తినని శాకాహారి. తెర మీదకు వంగి, "ఘేటు?" అన్నాడు. గుజరాతీలో గొర్రె అని. "యే ఘేటు కహాఁ సే ఆయా?" ఈ గొర్రె ఎక్కడినుంచి వచ్చిందని.

మనుషుల నెత్తురులో గొర్రె! ఒకరిలో కాదు, అందరిలో. సార్ కుర్చీలో వెనక్కు వాలి, మీ వాళ్లు ముందురోజు మటన్ తిని వచ్చుంటారు, ఈ నమూనాలు పనికిరావు, మిషన్ వంతు తర్వాతి బృందానికి ఇచ్చేద్దాం అన్నాడు. కాలనీ వాళ్లను మళ్లీ అడగడం కుదరదు. వంతు పోతే మళ్లీ ఎప్పుడో. నాకు కోపం వచ్చింది. మా జనాన్ని అంటే ఊరుకుంటానా? లేచి నిలబడి నా షెడ్డు హిందీలో దంచాను.

"సాబ్, మటన్ హమ్ ఖాతే హై, బరాబర్! ఆదివారం తింటం, పండుగకు తింటం. ఖానే సే కోయీ గొర్రె బన్‌తా హై క్యా? అట్లయితే ఆప్ కే నెత్తురుల బెండకాయ నిక్‌లేగా!"

సార్ నోరు తెరిచాడు. ఈలోగా మేనకోడలు తెర మీద ఇంకో గీతకు వేలు పెట్టి చూపించింది. నెత్తురు వేయకుండా, ఉత్త నీళ్లతో ఒక ట్యూబును కూడా అన్నిటిలాగే సిద్ధం చేస్తారు, పనిలో ఏదైనా కలిసిందేమో తెలుసుకోవడానికి. "సార్, ఖాళీ ట్యూబులో కూడా గొర్రె ఉంది. నీళ్లు కూడా మటన్ తిన్నాయా?" అంది. "పైగా ఇది మాంసం కాదు. బొచ్చు. ఉన్నిలో ఉండే ప్రొటీన్."

అదీ సంగతి! నా వాళ్లు నిర్దోషులు. ఆ ఉత్సాహంలో నా నోరు ఆగలేదు. "మరి బొచ్చు ఎట్లొస్తది బిడ్డా? కిటికీలు బంద్ ఉన్నయి. తలుపు బంద్ ఉన్నది. గొర్రె యాడికెల్లి లోపలికొచ్చింది? జర సోంచాయించుండ్రి!" అంటూ, చలికి గొంగడి అంచును మెడ దాకా లాక్కున్నాను.

అందరూ నా భుజాల వైపు చూస్తున్నారు. నా వెనక ఏముందా అని నేనూ తిరిగి చూశాను.

(కోసాడ్‌లో ఈ కథ చెప్పేటప్పుడు, దొంగను పట్టింది నేనేనని, నా బుర్రకే ముందు తట్టిందని చెబుతుంటాను. నిజానికి ఆ గదిలో అందరికంటే చివర తట్టింది నాకే.)

"కాకా, ఆ షుం ఛే?" అంటూ సార్ గొంగడి కొసను రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఇదేమిటి కాకా అని. మేనకోడలు తల పట్టుకుంది. "అరే మామా! లోపల దులిపినవా?"

"తేలు ఉంటదని..."

"తేలు నయం గద మామా! తేలైతే ఒక్కర్నే కుడుతుండె!"

సార్ ముందు నవ్వాడు, తర్వాత గంభీరుడయ్యాడు. సిద్ధం చేసిన ట్యూబులన్నీ చెత్తబుట్టకే. ఫ్రీజర్లో ఒక్కొక్కరి నెత్తురు మిగిలింది అడుగు బొట్టే. పాత మిషనైతే దాంతో పని లేదు. కొత్తదానికి సరిపోవచ్చు, సరిపోకనూ పోవచ్చు. శనివారం దాకా వంతు మనదే, ఒక్కసారి ప్రయత్నించు అన్నాడు. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. గాలిలో ఎగిరిన ఉన్ని నలుసును కూడా పసిగట్టేంత చురుకైనది కాబట్టే ఆ మిషన్ నా పరువు తీసింది, అంత చురుకైనది కాబట్టే ఆ అడుగు బొట్టు మీద ఆశ పెట్టుకోవచ్చు.

మేనకోడలు గది అంతా కడిగించి, తుడిపించి, తల నుంచి కాలి దాకా కప్పుకుని మళ్లీ మొదలుపెట్టింది. నన్ను వరండా గీత దాటనివ్వలేదు. మెట్ల మీద, ఎండలో, ఒంటి మీద పలచని చొక్కాతో కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం మా బావ కూతురికి అన్నం డబ్బా పట్టుకుని వచ్చాడు. అంతస్తుకోసారి ఆగుతూ ఎక్కి వచ్చి, నా పక్కన కూలబడ్డాడు.

"ఏం బామ్మర్దీ, దాని పని ఖరాబు జేసినవట?"

"నేనెందుకు జేస్త బావా. గొంగడి జేసింది."

"ఆ గొంగడి నీకంటే నయం. అది దాచకుంట చెప్పింది." ఊపిరి కూడగట్టుకుని, లోపలి తలుపు వైపు చూశాడు. "పిల్ల అన్నం తింటలేదురా."

ఇద్దరం ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం. చివరికి తలుపు తెరుచుకుంది. పిల్ల ముఖం మీద చెమట, మాస్కు గుర్తులు. "గొర్రె లేదు" అంది. అని అక్కడే మెట్టు మీద కూర్చుని, అడుగు బొట్టు సరిపోయిందని చెప్పింది. రోగం ఉన్నవాళ్లలో కొన్ని ప్రొటీన్లు ఒక తీరుగా మారి కనిపించాయట. దగ్గు గిగ్గు లేకుండా, బాగున్నాననుకునేవాళ్లలో కూడా ఇద్దరిలో అదే తీరు కనబడిందట. ఇది తేల్చేసే పరీక్ష కాదు, ఇంకా చాలామందిలో చూడాలి, ముందు వాళ్లిద్దరినీ డాక్టరు దగ్గరికి పంపి మామూలు పరీక్షలు చేయించాలి అంది. (చేయించారు. వాళ్లలో ఒకడైన డబుల్ పాళీకి టీబీ మొదట్లోనే దొరికింది. మందులు వాడి, మళ్లీ సాంచాల మీద నిలబడ్డాడు.)

మా బావ డబ్బా మూత తీస్తూ నెమ్మదిగా అడిగాడు. "గప్పుడు ఈ మిషన్ ఉంటే నాది గూడ ముందే తెలుస్తుండెనా?"

పిల్ల తల దించుకుంది. "తెలుస్తుండె కావచ్చు నాయినా."

"మంచిగైంది తీ. ఇగ ముందు ముందు ఎవలకో ఒకలకు తెలుస్తది గద" అన్నాడు. అని అన్నం ముద్ద కలిపి కూతురి నోటికి అందించాడు. రెండో ముద్ద నాకు పెట్టాడు.

ఇన్నేళ్లలో నేను పెంచి చెప్పని సంగతి ఇదొక్కటే. ఆ మెట్ల మీద నోట్లో ముద్దతో కూర్చున్న ఆ మనిషిని, అదే అప్పటి నన్ను, ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, కాస్త ముచ్చట కూడా వేస్తుంది. పెంచి చెప్పడానికి ఎంత వెతికినా, అక్కడ తక్కువైంది ఏమీ దొరకలేదు పాపం అతనికి.