కీర పందిరి కింద బూడిద కుండ

మా అమ్మ కట్టమ్మ దేనికి భయపడదో చెప్పడం తేలిక. దేనికి భయపడుతుందో చెప్పాలంటే పొద్దు చాలదు. ఉరుముకు భయం, కొత్త మనిషికి భయం, ఇంట్లో అందరం కలిసి మరీ ఎక్కువ నవ్వితే భయం. "కట్టక్క తాడును చూసి పామని ఊకోదు, దాని పిల్లలెక్కడున్నయో దేవులాడుతది" అని పక్కింటి పూలమ్మ మేలమాడేది. కాశిబుగ్గలో మా వాడకట్టంతా నవ్వేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. నవ్వేది వాళ్లు, ఆ భయాన్ని మోసేది మేము. బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే వాకిట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉండేది.

ఆమె భయం మరిచే చోటు ఒక్కటే, ఇంటి వెనక కీర పందిరి. మాది నేత ఇల్లు. ముందు అర్రలో బాపు సారంగపాణి మగ్గం, అన్న వెంకట్రాజం మగ్గం. వెనక చిన్న దొడ్డి. శివరాత్రి దాటగానే అమ్మ కీర గింజలను తడిగుడ్డలో మూట కట్టి, మొలక కనబడ్డాక మేక ఎరువు వేసిన గుంతలో పెట్టేది. ఎండాకాలం మా బావి అడుగంటేది. స్నానం చేసిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, మగ్గం పడుగు దారాలకు పెట్టగా మిగిలిన గంజి పలచన చేసి, అన్నీ ఆ పాదుకే పోసేది. నీళ్లు తప్పితే కాయ చేదెక్కుతుందని ఆమె బెంగ. కాయ కోశాక తొడిమ వైపు కొన తరిగి, ఆ ముక్కతోనే గట్టిగా రుద్ది, నురగ తుడిచి, మొదటి ముక్క తను నమిలి చూసేది. ఆమె మొహం చూశాకే మేము చేయి చాచేవాళ్లం. పిందెను వేలు పెట్టి చూపిస్తే కుళ్లిపోతుందని పిడికిలితోనే చూపించాలి. అట్లా పెరిగిన కాయలు మావి.

పాదుకు పగవాళ్లు ఎర్ర పెంకు పురుగులు. లేత ఆకు కనబడితే జల్లెడ చేసి పెట్టేవి. పొద్దున్నే ఆకుల మీద నీళ్లు చిలకరించి, తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లేది అమ్మ. ఆ బూడిద కోసం పందిరి గుంజ పక్కన మూతి విరిగిన కుండ ఒకటి ఉండేది. గిన్నెలు తోమే బూడిద పొయ్యి దగ్గరే, ఈ కుండలోది పాదుకే.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఎండాకాలం, మా వదిన కమలకు నెల తప్పింది. అంతకు ముందు ఒక కడుపు నిలవకుండా పోయింది. ఈసారి అమ్మ భయమంతా వదిన చుట్టే తిరిగేది. బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు, బావిలో చేద వేయొద్దు. కీర చలువ కాబట్టి పొద్దున రెండు ముక్కలే. వదిన దవడ కదిలితే చాలు, "ఏం నములుతానవ్ బిడ్డా, నోరు తెరువు" అని దగ్గరికొచ్చేది. పాలకుర్తి నుంచి వచ్చిన వదిన నెమ్మదస్తురాలు. నోరు తెరిచి చూపించేది. నేనైతే కొరికి ఉందును.

ఆ ఏడు పురుగులు మితిమీరి వచ్చాయి. బూడిదకు లొంగలేదు. ఇక్కడ జరిగింది మాకు తర్వాత తెలిసింది, మీకు ముందే చెబుతున్నాను. పరకాల నుంచి చీరల బేరానికి వచ్చే రాయమల్లుకు పత్తి చేను ఉండేది. బాపు అతన్ని అడిగి, చేలకు చల్లే పురుగుల మందు పొడి ఒక పొట్లం తెచ్చి, ఆ బూడిద కుండలో కలిపేశాడు. చెబితే కట్టమ్మ పందిరే పీకేస్తుందని చెప్పలేదు. నోట్లో నువ్వు గింజ నానని మనిషి, ఆ ఒక్కటి మాత్రం కడుపులో పెట్టుకున్నాడు.

పురుగులు మాయమయ్యాయి. వేరే ఆడమనిషైతే సంతోషపడేది. అమ్మ ఆకు తిప్పి తిప్పి చూసి బెదిరింది.

"పురుగు ముట్టని పాదు కాయ మనుషులెట్ల తినాలె" అంది.

"పురుగుంటే ఏడుస్తవ్, లేకుంటే ఏడుస్తవ్" అని బాపు నవ్వాడు. "నీ చేతి వాసి మంచిదనుకో, ఊకో."

అయినా ఆమె కాయలు కోయడం ఆపింది. పూలమ్మ వచ్చి అడిగినా ఇవ్వలేదు. పిసినారి అని పేరు పడ్డా ఇవ్వలేదు. ఊరంతా నవ్విన ఆ భయం ఆ ఒక్కసారి నూటికి నూరుపాళ్లు నిజం.

ఆ వారంలోనే ఒక పొద్దున, గిన్నెలు తోమడానికి వెళ్లిన వదిన పందిరి కింద వాంతి చేసుకుంటూ కూలబడింది. వేవిళ్లే అనుకున్నాను. దగ్గరికి వెళితే ఒళ్లంతా చెమట, చేతివేళ్లు వాటంతట అవే వణుకుతున్నాయి. నేను అరిచిన అరుపుకు రెండు మగ్గాలూ ఆగిపోయాయి.

బాపు పరుగెత్తుకొచ్చి వదినను చూశాడు, పాదును చూశాడు. గుంజ పట్టుకొని నిలబడ్డాడు.

"కాయ తిన్నవా బిడ్డా? నిజం చెప్పు. ఆ బూడిదల మందు కలిపిన నేను" అన్నాడు.

అమ్మ వదినను లేపి తన భుజానికి ఆనించుకుంది.

అన్న రిక్షా తెచ్చాడు. అమ్మ, నేను వదినను మధ్యలో కూర్చోబెట్టుకొని పెద్ద దవాఖానకు పోయాం. బాపు, అన్న సైకిల్ మీద వెనకే. దారి పొడుగునా అమ్మ వదిన కడుపు మీద చేయి తీయలేదు. దవాఖానలో డాక్టరమ్మ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"కాయ మీద అంటిన పొడికి ఇంత కాదు. ఎక్కువే లోపలికి పోయింది. ఏం తిన్నదో, ఎంత తిన్నదో తెలియాలి. ఆలస్యం చేస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం" అంది.

వదిన గోడ వైపు తిరిగి పళ్లు బిగబట్టింది. "ఏం తినలే" అంది. అన్న బతిమాలాడు. నేను కసిరాను. అయినా "ఏం తినలే" అనే అంది. మా కళ్ల ముందే ఆమె పెదవులు పాలిపోతున్నాయి. చెప్పకుండానే చచ్చిపోతుందేమోనని నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

అప్పుడు అమ్మ మగవాళ్లను బయటికి పొమ్మంది. వదిన చెవి దగ్గరికి వంగింది.

"వెంకట్రాజం కడుపుల ఉన్నప్పుడు నేను పొయ్యిల బూడిద తిన్న" అంది. "దోసిట్ల పోసుకొని తిన్న కమలా. మా అత్తకు తెల్వకుండ, మీ మామకు తెల్వకుండ. గింత సిగ్గు కూడ ఉండకపాయె నాకు. ఇయ్యాల్టి దాక ఎవలకు చెప్పలే. నువ్వు గూడ తిన్నవ్ గదా?"

వదిన భోరుమంది. కడుపుతో ఉన్నవాళ్లకు మట్టి మీద, బూడిద మీద మనసు పోవడం మా దిక్కు కొత్త కాదు. బయటికి చెప్పుకోవడమే సిగ్గు. అత్తగారింట్లో అన్నం పెడతలేరా అంటారని.

"రోజూ చిటికెడు తిన్న అత్తమ్మా. ఇయ్యాల గుప్పెడు" అంది. "ఆ కుండల నుంచి కొత్త వాన వాసనొచ్చింది. ఆపుకోలేకపోయిన."

"పొయ్యి కాడ బూడిద లేదా బిడ్డా? పాదు కాడిది ఎందుకు?"

వదిన కళ్లు మూసుకుంది. "పొయ్యి కాడ నువ్వుంటవ్ గదా. నోరు చూస్తవ్" అంది.

అమ్మ మంచం అంచు పట్టుకుంది. డాక్టరమ్మ వచ్చి కడుపు కడగడం, మమ్మల్ని బయటికి పంపడం, సాయంత్రానికి వదిన చేతుల వణుకు తగ్గడం, అన్నీ జరిగాయి. తల్లికి ఇక ఫికర్ లేదన్నారు. లోపలి బిడ్డ సంగతి పుట్టాకే తెలుస్తుందన్నారు.

ఇంటికి రాగానే బాపు ఆ కుండను ఊరి బయటికి తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. అమ్మ పాదును వేళ్లతో సహా పీకింది. ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంట్లో అందరం ఒకే భయంతో బతికాం. పైకి ఎవరూ అనరు. వదిన కడుపులో బిడ్డ కదలలేదంటే బాపు మగ్గం దిగేవాడు. అమ్మ మాత్రం వదినను ఏం తిన్నావని మళ్లీ అడగలేదు. ఆమె పొయ్యి దగ్గరికి వస్తే తను లేచి వాకిట్లోకి పోయేది. ఇదివరకు లోకానికి భయపడిన మనిషి, ఇప్పుడు తన కళ్లకు తనే భయపడుతోందని నాకు అర్థమైంది. ఆమె మీద నాకు కోపం పోయింది. ఆమెను చూస్తే దుఃఖం వచ్చేది.

కార్తీకంలో అదే దవాఖానలో వదిన కన్నది. ఏడుపు వినపడింది. ఆడపిల్ల అన్నారు. అన్న, బాపు లోపలికి పరుగు పెట్టారు. అమ్మ వరండాలో స్తంభాన్ని ఆనుకొని కూర్చునే ఉంది.

"నువ్వు పోయి చూసిరా సుగుణా. నేను చూడ" అంది.

వదిన నన్ను చూడగానే "అత్తమ్మ ఏది?" అంది. బిడ్డను నా చేతుల్లో పెట్టింది. "ఆమెకే ఇయ్యి ముందుగాల" అంది.

తెచ్చి ఒడిలో పడుకోబెట్టాను. అమ్మ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, కళ్లు మాత్రం మూసుకుంది.

"అన్నీ మంచిగున్నయా?" అంది.

"ఉన్నయే అమ్మా. వేళ్లు, కాళ్లు, కండ్లు అన్నీ ఉన్నయి. నువ్వే చూడు."

"ఇంకోసారి చూడు బిడ్డా" అంది, కళ్లు తెరవకుండానే.