లచ్చయ్య కాపలా కాసిన చెప్పులు

కోరుట్లలో గడిబడి ఎక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించేవారు. దానికి అసలు పేరు వేరే ఉంది. దర్వాజ పైన ఇనుప అక్షరాలతో రాయించారు కూడా. కానీ ఆ పేరుతో అడిగితే రిక్షావాళ్లు తెల్లమొహం వేసేవారు. దొర గడిలో, అంటే కోటలాంటి ఆయన ఇంట్లో పెట్టిన బడి కాబట్టి గడిబడి, అంతే. ఆ బడికి కాపలాదారు లచ్చయ్య. కాపలా అంటే దొంగల కోసమని అనుకునేరు. అతను కాపలా కాసింది చెప్పులకు.

దర్వాజకు ఎడమపక్కన నాపరాళ్లు పరిచిన జాగా ఒకటి ఉండేది. లోపలికి పోయేవాళ్లంతా అక్కడ చెప్పులు విడవాలి. లచ్చయ్య తండ్రి కొమురయ్య కూడా బతికినన్నాళ్లూ అక్కడే నిలబడ్డాడు. అప్పుడు బడి లేదు. జలపతి రావు దొర గడి ముందునుంచి ఎవరు పోయినా చెప్పులు చేతపట్టుకుని, తలగుడ్డ చంకలో పెట్టుకుని పోవాలి. మరచిపోయినవాళ్లకు గుర్తుచేయడం కొమురయ్య పని. ఎట్లా గుర్తుచేసేవాడో చాలామంది వీపులకు తెలుసు. కొమురయ్య పోయాక ఆ కర్ర, ఆ జాగా లచ్చయ్యకు వచ్చాయి. మనిషి మెత్తన కాబట్టి కర్ర ఎత్తింది తక్కువ, అదిలించింది ఎక్కువ. కానీ జాగా మాత్రం వదలలేదు.

బడి ఎట్లా వచ్చిందంటే, రజాకార్ల గొడవ సద్దుమణిగాక దొర కొడుక్కు చదువు వయసు వచ్చింది. హైదరాబాదుకు పంపితే పిల్లవాడు చేయి దాటిపోతాడని దొరసాని మనోరమ అన్నం మానేసింది. కొడుకు చదువు దగ్గరికి పోకపోతే చదువే కొడుకు దగ్గరికి వస్తుందని దొర గడి ముందుభాగంలో బడి పెట్టించాడు. ఒక్క పిల్లవాడితో బడి నడవదు. అందుకని షావుకార్ల పిల్లలు, పట్వారీల పిల్లలు, పోనుపోను ఫీజు కట్టగలిగిన అందరి పిల్లలూ వచ్చారు. దొర కొడుకు నాలుగు తరగతులు చదివి చివరికి హైదరాబాదుకే పోయాడు. బడి మాత్రం ఉండిపోయింది.

మొదటిరోజే పిల్లలంతా దర్వాజ దగ్గర చెప్పులు విడిచారు. విడవమని ఎవరూ అనలేదు, గడి కదా. అప్పటి పెద్దసారు దానికి మంచి కారణం వెతికిపెట్టాడు. చదువులతల్లి గుడికి చెప్పులతో పోకూడదన్నాడు. అట్లా కారణం మారింది, జాగా మారలేదు, లచ్చయ్యా మారలేదు. కర్ర పోయి గంట కొట్టే సుత్తె చేతికొచ్చింది, అంతే.

గుర్రాల కొట్టం ఆరో తరగతి అయింది. వడ్లు పోసే అర్రలో సైన్సు సామాన్లు పెట్టారు. వాన పడ్డ రోజున ఆరో తరగతిలో ఇంకా గుర్రాల వాసన వచ్చేదని పిల్లలు ప్రమాణం చేసి చెప్పేవారు. మల్లాపూర్ బస్సులో వచ్చే పిల్లలు దొర కచేరీ చేసిన అరుగు మీదనే మక్క రొట్టెలు విప్పుకుని తినేవారు. అందరివీ సిరిసిల్ల బట్టతో కుట్టిన అవే అంగీలు, అందరివీ అవే నీలిపట్టీల చెప్పులు. సాయంత్రం గంట కొట్టగానే ఆ జాగా దగ్గర జాతరే. ఇన్నేళ్లు కాపలా కాసినా ఏ చెప్పు ఎవరిదో లచ్చయ్యకు ఒక్కనాడూ తెలిసేది కాదు. పెద్దపిల్లవాడి చెప్పులు చిన్నవాడికిచ్చి పంపితే వాడు ఈడ్చుకుంటూ పోయేవాడు. మర్నాడు ఇద్దరి తల్లులూ వచ్చి లచ్చయ్యను కడిగిపెట్టేవారు.

ఇంతకూ లచ్చయ్య జన్మలో చెప్పు తొడిగింది లేదు. మొదట్లో తొడిగే ధైర్యం లేదు, తర్వాత అలవాటు లేదు. అరికాళ్లు ఎండిన తోలులా గట్టిపడిపోయాయి.

అతనికి ఉన్న ఒకే ఒక ఆశ బిడ్డ ఊర్మిల. ఆ పేరు దొరసాని పెట్టింది. కాపలాదారు పిల్లకు ఫీజు లేదని బడిలో చేర్చుకున్నారు. తండ్రి దర్వాజ దగ్గర ఉన్నన్నాళ్లే ఆ సౌకర్యం. ఆ పిల్ల పదోతరగతికి వచ్చేసరికి లచ్చయ్యకు గుండెల్లో ఒకటే మాట. పరీక్ష రాసేదాకా ఈ కొలువు పోకూడదు. రాసి పాసైతే నర్సు పనికి పోతుంది. తల్లి ఎల్లవ్వలా పొద్దస్తమానం బీడీలు చుట్టదు, తనలా గోడకు ఆనుకుని నిలబడదు. పదోతరగతికి వచ్చిందని ఎల్లవ్వ తన బీడీల పైసలతో బిడ్డకు చెప్పులు కొన్నది. ఆ ఇంట్లో అవే మొదటి చెప్పులు.

అప్పటికి దేశకాలాలు బాగాలేవు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని సర్కారు ప్రకటించి కొన్నేళ్లయింది. ఊళ్లలో అన్నల అండతో కూలీల సంఘాలు లేచాయి, పాలేర్లు పని మానుకున్నారు, దొరలు పట్నం బాట పట్టారు. జలపతి రావు దొర కూడా ఒక మధ్యాహ్నం జీపెక్కి పోయాడు. లచ్చయ్య అలవాటుగా తలగుడ్డ తీసి నిలబడ్డాడు. జీపు దుమ్ము సద్దుమణిగాక దాన్ని మళ్లీ చుట్టుకోవాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాడు. దొర లేని గడి ముందు ఎట్లా ఉండాలో అతనికి ఎవరూ చెప్పి పోలేదు.

చలి విడిచిన నాళ్లలో ఒక పొద్దున ఇద్దరు యువకులు వచ్చారు. చూస్తే పిల్లల అన్నల్లా ఉన్నారు. కాసేపు చెప్పుల జాగా వంక చూశారు.

"లచ్చన్నా, గీ పోరగాండ్లు చెప్పులెందుకు ఇడుస్తున్నరు?" అన్నాడు ఒకడు.

లచ్చన్నా అని పిలిచేసరికి అతనికి ఒళ్లు పులకరించింది. ఆ పిలుపు ఎవరి నోటా విని ఎరగడు.

"బడి గదన్నా," అన్నాడు.

"బడి గాకముందు ఎందుకిడిసిండ్రు?"

"గడి గద."

"గా గడి దొర పోయిండు. రేపటిసంది గీ దర్వాజ ముంగట ఎవ్వలు చెప్పులు ఇడువద్దు. గిది సంగం మాట. నువ్ చెప్తవా, మమ్ముల చెప్పుమంటవా?"

"నేనే చెప్త," అన్నాడు లచ్చయ్య. ఏమంటున్నాడో అతనికే తెలియలేదు.

వాళ్లు పోయాక పరుగున పెద్దసారు ప్రభాకర్ రావు దగ్గరికి పోయాడు. ఆయన దొరకు చిన్నాయన కొడుకు. మంచివాడే, కానీ నీడను చూసినా జడుసుకునే రకం. సంగతంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"మనం గడికి ఇడుస్తలేం లచ్చయ్యా, సరస్వతికి ఇడుస్తున్నం. నువ్వు ఎప్పటి లెక్కనే ఉండు."

"మరి గాళ్లస్తే ఏమనాలె సారూ?"

"ఎప్పటి లెక్కనే అన్న గద. గొడవైతే మాత్రం నీ కొలువు నా చేతుల ఉండదు. దొర పట్నంలకెల్లి ఇంకెవల్నో పంపుతడు."

ఆ మర్నాటి నుంచి సారు మాత్రం వెనకవైపు పశువుల దొడ్డి దారిన రావడం మొదలుపెట్టాడు. చెప్పులు ఎక్కడ విడిచేవాడో సరస్వతికే తెలియాలి.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది లచ్చయ్య బతుకు. పొద్దున్నే పిల్లలు వచ్చి, "ఇడువాల్నా, వద్దా తాతా?" అని అడిగారు. అతను ఆకాశం వంక చూశాడు. కొందరు విడిచారు, కొందరు తొడుక్కునే పోయారు, కొందరు పుస్తకాల సంచిలో పెట్టుకున్నారు.

సరిగ్గా ఆ రోజే ఎస్సై జీపు వచ్చింది. ఆయన కోస్తా మనిషి. ప్రార్థన వరసల్లో సగం కాళ్లకు చెప్పులు చూశాడు. ఈ బడిలో చెప్పులు విడిచే పోతారని ఆయనకు ముందే తెలుసు.

"ఎవడు చెప్పాడ్రా వీళ్లకి?"

"ఎవ్వల్ చెప్పలే దొరా."

"అన్నలు వచ్చారా?"

"నాకు తెల్వది దొరా."

"తెలీదా. రేపట్నుంచి లోపల ఒక్కడి కాలికి చెప్పు కనపడినా నిన్ను స్టేషన్లో కూర్చోబెడతా."

లచ్చయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. విడిస్తే సంఘం ఊరుకోదు. విడవకపోతే ఎస్సై ఊరుకోడు. ఏ గొడవైనా కొలువు పోతుంది, కొలువు పోతే ఊర్మిల పరీక్ష పోతుంది. ఆలోచించగా ఆలోచించగా బుర్రలో ఏదో వెలిగింది. ఆ సాయంత్రమే బడి విడిచే వేళ ప్రతి పిల్లవాడినీ ఆపి చెప్పాడు.

"రేపటిసంది అసలు చెప్పులు ఏసుకోనే రాకుండ్రి. ఇంటికాడ్నే పెట్టి రాండ్రి."

ఇక విడిచేదేముంది, తొడిగేదేముంది. పాము చావలేదు, కర్ర విరగలేదు. యువకులిద్దరూ మళ్లీ వచ్చి ఖాళీగా ఉన్న నాపరాళ్లను చూసి, ఇక ఎవరూ విడవడం లేదు కదా అని లచ్చయ్య భుజం తట్టి పోయారు. ఎస్సై వచ్చి పిల్లల కాళ్లు చూసి తలాడించి పోయాడు. ప్రభాకర్ రావు సారు దొడ్డిదారి మాని మళ్లీ దర్వాజలోంచి రాసాగాడు. లచ్చయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తనకూ తెలివి ఉందనుకున్నాడు. ఎల్లవ్వకు రెండుసార్లు చెప్పుకున్నాడు. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ ఊకొట్టింది.

ఎండాకాలం వచ్చింది. ఒంటిపూట బడులు పెట్టారు. నడినెత్తిన పొద్దుకు లచ్చయ్య లాంగ్ బెల్ కొట్టేవాడు. పిల్లలు దర్వాజ దాటి తారు రోడ్డు మీద గంతులేస్తూ, ఎగురుకుంటూ బస్టాండు వైపు ఉరికేవారు. బడి విడిచిన సంబరం చూడు అని అతను నవ్వుకునేవాడు.

ఒకనాడు ఊర్మిల ఇంటికొచ్చి, తెల్లారి బడికి పోనని కూర్చుంది.

"పరీక్షల ముంగట గిదేం మొండితనం బిడ్డా?"

"చెప్పులు ఏసుకోనిస్తెనే వస్త."

"ఎస్సై నన్ను తీస్కపోతడు. తెల్వదా నీకు?"

"రెండో తరగతి పోరి ఒకటి మల్లాపూర్ బస్సుదాకా నడ్వలేక రోడ్డు మీద కూసున్నది బాపూ. నేను ఎత్తుకపోయిన. దాని కాళ్లు బొబ్బలెక్కినయి. తారు ఎట్ల కాలుతున్నదో ఎరికేనా?"

"నాకు కాలదు గద."

"నీకు కాలదు," అంది ఊర్మిల.

లచ్చయ్యకు కోపం వచ్చింది, భయం వేసింది, ఏది ముందు వచ్చిందో తెలియలేదు. తన బుర్ర ఉపయోగించి ఇంతమందిని ఒప్పించింది ఈ పిల్ల పరీక్ష కోసమే. ఆ పిల్లే పోనంటోంది. బతిమాలాడు, తిట్టాడు, ఎల్లవ్వతో చెప్పించబోయాడు. "నేను కొన్న చెప్పులు చూరుల పెట్టనీకి కొన్లేదు," అని ఆమె బీడీల చాట వైపు తిరిగింది.

హాల్ టికెట్లు ఇచ్చే ఆఖరి రోజు వచ్చింది. విద్యార్థే స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. తీసుకోకపోతే పరీక్ష లేదు. లచ్చయ్య దర్వాజ దగ్గర నిలబడి బజారు వంక చూస్తున్నాడు. లోపల పెద్దసారు గది ముందు ఎస్సై జీపు ఆగి ఉంది.

ఊర్మిల వచ్చింది. కాళ్లకు చెప్పులున్నాయి.

లచ్చయ్యది కొమురయ్య నేర్పిన అలవాటున్న చెయ్యి. అతను అనుకోకుండానే పైకి లేచింది. ఊర్మిల ఆగింది. జీపు వంక చూడలేదు, తండ్రి చేతి వంక చూసింది. అది కొమురయ్య కర్ర పట్టిన చేతిలానే ఉందని లచ్చయ్యకు తోచింది. సిగ్గేసింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలగుడ్డ సర్దుకున్నాడు.

"పో బిడ్డా," అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. దొర పరిపించిన బండల మీద చెప్పులు టపటప మోగాయి. తమ ఇంటి మనిషి చెప్పుల చప్పుడు ఆ గడిలో వినబడటం అదే మొదలు. లచ్చయ్య ఎస్సై కేక కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఏ కేకా రాలేదు.

ఊర్మిల హాల్ టికెట్ పట్టుకుని బయటికొచ్చింది.

"ఎస్సై చూసిండా?" అన్నాడు లచ్చయ్య.

"చూసిండు. సారు గూడ చూసిండు. ఇద్దరు చాయ్ తాగుకుంట ఏదో మాట్లాడుకుంటున్నరు. ఎవ్వలేమనలే." ఆమె ఖాళీ నాపరాళ్ల వైపు చూసింది. "దొర లేడు. అన్నలు పోయి ఎన్నొద్దులాయె. మరి ఇన్నొద్దులు పోరగాండ్లను ఉత్తకాళ్ల నడిపిచ్చింది ఎవలు బాపూ?"

లచ్చయ్య జవాబు వెతికాడు. దొర మాట, సారు మాట, సంఘం మాట, ఎస్సై మాట ఒక్కొక్కటే తీసి చూశాడు. అసలు చెప్పులు వేసుకుని రావద్దని వాళ్లలో ఒక్కరూ అనలేదు. అది తన మాటే. ఇన్నేళ్లలో తను సొంతంగా చెప్పిన ఒకే ఒక మాట.

ఊర్మిల ఇంటికి పోయింది. అతను లాంగ్ బెల్ కొట్టి, తారు రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది, తారు కరిగి మెరుస్తోంది. కాలుతుందేమో చూద్దామని రెండు కాళ్లూ గట్టిగా ఆనించాడు. ఎంతసేపు నిలబడినా ఏమీ తెలియలేదు.

ఇంతలో పిల్లలు దర్వాజ దాటి వచ్చారు. రోజులానే గంతులేస్తూ, ఎగురుకుంటూ. ఒక చిన్నపిల్ల ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదాన్ని పిక్కకు రుద్దుకుని, మళ్లీ కాలు మార్చింది. ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు. ఎవరి మొహంలోనూ లేదు. లచ్చయ్య ఇన్నాళ్లూ కాళ్లే చూశాడు గాని మొహాలు చూడలేదు.

పోయి ఆ పిల్లను ఎత్తుకున్నాడు.

"రేపటిసంది చెప్పులు ఏసుకొని రాండ్రి," అన్నాడు అందరికీ వినబడేలా. "లోపటిదాకా ఏసుకొనే పోండ్రి."

"ఎవలు చెప్పుమన్నరు తాతా?" అంది చంకలోని పిల్ల.

"నేనే చెప్తున్న," అన్నాడు లచ్చయ్య. అని, ఆ మాట అన్నది తనేనా అని ఒకసారి వెనక్కి తిరిగి దర్వాజ వైపు చూసుకున్నాడు.