సవ్సన్ పడగొట్టిన రాళ్ళ గుట్ట

మా తమ్ముడు ఇమామ్‌నజర్ కూతురు సవ్సన్ సాధించిన మొదటి ఘనకార్యం ఇది: తనిమస్ ఏరు మంచు కరిగిన బూడిదరంగు నీళ్ళతో గట్లు కోసేస్తున్న నడివేసవిలో, కొండలు చూడ్డానికి వచ్చిన ఏడుగురు దూరపు నడకవాళ్ళను నడుము తడవకుండా దాటించింది. నేను కళ్ళారా చూశాను.

అంతకుముందు దాటించే పని తమ్ముడిదే. రెండు గట్ల మీదా అతను రాళ్ళు గుట్టగా పేర్చేవాడు. ఒక గుట్ట దగ్గర దిగి ఎదుటి గుట్ట వైపు సూటిగా నడిస్తే కాళ్ళకు అడుగు అందేది. ముందటి చలికాలం తమ్ముడు పోయాడు. పోయినవాడు పెట్టిన రాయిని మా ఊళ్ళో ఎవరూ కదపరు. వసంతంలో మంచు కరిగి ఏరు పక్కకు జరిగింది. గుట్టలు మాత్రం పాత రేవునే చూపించాయి. మా పొరుగింటి బాయ్‌బేగిం గాడిద అక్కడే, మూటలతో సహా కొట్టుకుపోయింది. అయినా గుట్ట జోలికి ఎవరూ పోలేదు.

సవ్సన్ మాత్రం నీళ్ళు తగ్గి ఉండే తెల్లవారుజామున రాళ్ళు విసురుతూ ఏటి వెంట నడిచింది. బుడుంగుమంటే లోతు, టప్పుమంటే అడుగు దగ్గరే. నడుముకు తాడు కట్టుకుని, కొస నా చేతికిచ్చి దిగింది. రెండుసార్లు వెనక్కి లాగాను. మూడోసారి దాటింది. తిరిగొచ్చి తండ్రి గుట్టను కూలదోసి, ఆ రాళ్ళను కొత్త రేవుకు చేర్చసాగింది.

బాయ్‌బేగిం కేకలేసుకుంటూ వచ్చింది. "ఒసేయ్, తండ్రి గుర్తు మీద చెయ్యి ఎలా పడిందే నీకు?"

"ఏటేటా నాన్నే పడగొట్టి మళ్ళీ పేర్చేవాడు కదత్తా. నువ్వు చూళ్ళేదూ?"

"ఆయన రాళ్ళు, ఆయనిష్టం!"

"నేనూ ఆయన పిల్లనేగా. రా, రెండు రాళ్ళందియ్యి. మొయ్యడానికి నీ గాడిద కూడా లేదాయె."

తిట్టిందే గానీ ఒక్క రాయి అందించలేదు. ఏడుగురూ దాటాక కూడా మాట కలపలేదు.

తర్వాత సవ్సన్ వడగళ్ళలో పెళ్ళికూతురిని దాటించింది, మందులపెట్టె తలకెత్తుకుని వైద్యుణ్ణి దాటించింది. మా వంశంలో ఇంత పేరు ఎవరికీ రాలేదు.

ఇప్పుడు నలుగురు నడకవాళ్ళతో ఏరు పుట్టే ఎగువ మంచు దాకా వెళ్ళింది. మొన్న పైన కుండపోత. ఏరు మళ్ళీ దారి మార్చింది. వచ్చేటప్పుడు ఇవతలి గుట్ట చూసే దిగుతుంది. దాన్ని మార్చాలని పొద్దున్నే వెళ్ళాను. అప్పటికే బాయ్‌బేగిం పావడా దోపుకుని ఏట్లోకి రాళ్ళు విసురుతోంది. సవ్సన్ పేర్చిన గుట్ట కూలదోసి ఉంది.

"పిల్లకి ఈ గుట్ట అబద్ధం చెప్పకూడదు బావా. చూస్తావేం, రాయందియ్యి!"

అందించాను. సవ్సన్ ఆగస్టు పద్నాలుగున రావాలి.