మోకాలి మీద వేళ్లు

మార్చి పద్నాలుగు, శనివారం సాయంత్రం ఏడు గంటలకు, అమెరికాలోని హెర్న్‌డన్‌లో మా ఇంటి ప్రార్థన కూడికలో, తమ్ముడు జైలుకు వెళ్లొచ్చిన సంగతి మొదటిసారి బయటపెట్టాను. మా చర్చిలో గిటార్ వాయించే అతను కళ్లు మూసుకొని విన్నాడు. మోకాలి మీద అతని వేళ్లు కదులుతుంటే, మాకోసం ప్రార్థిస్తున్నాడనుకున్నాను.

అతను కంట్రీ, బ్లూస్ శైలిలో విషాదమైన పాటలు తానే రాసుకొని బార్లలో పాడేవాడు. జూన్‌లో వెళ్లి విన్నాను. పాడేముందు వేళ్లు మోకాలి మీద అలాగే కదిలాయి. ఆ శనివారం అతను చేసింది బాణీ కట్టుకోవడమని అప్పుడు తెలిసింది. పాటనిండా మా తమ్ముడే ఉన్నాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

"పేరు చెప్పలేదు కదక్కా! ఎంత కనెక్ట్ అయ్యారో చూశారుగా?" అన్నాడు.

ఆ పాట తమ్ముడికీ చేరింది.

పోయినవి: శనివారం కూడిక, తమ్ముడి ఫోన్లు. మిగిలింది: ఆ పాట. నాకది మొత్తం నోటికి వచ్చు.